వెనక సీటు పండితుడు

ఫెజ్ నగరం,
10 నవంబరు 2024, ఆదివారం.

అవనిగడ్డలో ఉన్న అక్క రహమత్ బీకి, తమ్ముడు మాబు సలాములు. మత్తయి బావకు నమస్కారాలు.

ఎప్పటిలాగే కాగితం మీద రాసి, ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతున్నాను. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని విసుక్కోకు. రెండు వేళ్లతో లాగితే పెద్దవవుతాయి.

నేనిప్పుడు టాంజియరులో మా అమ్మాయి ఇంట్లో లేను. అల్లుడు అఫ్జల్‌కు ఓడరేవు పనిలో తీరిక లేదని, నీలోఫరే నన్ను వెంటబెట్టుకుని ఈ అరబ్బు దేశపు ప్రాచీన విద్యానగరం చూపించాలని తలపెట్టింది. ఎనిమిది రోజులకు బస, కారు, డ్రైవరు అన్నీ కుదిర్చింది. తీరా బయలుదేరే ఉదయం మనవడికి ఆటలమ్మ సోకింది. "కట్టిన డబ్బు ఎలాగూ తిరిగిరాదు నాన్నా. మీరొక్కరే వెళ్లిరండి, డ్రైవరు చాలా మంచివాడట" అని మధ్యాహ్నం దాటాక నన్ను కారెక్కించింది.

డ్రైవరు నిజంగానే మంచివాడు. చిక్కంతా అక్కడే ఉంది.

అతని పేరు ఇద్రీస్. యాభై అయిదేళ్ల వాడు. అతనికి వచ్చినవి అరబీ, ఫ్రెంచి. ఇంగ్లీషులో నాలుగు మాటలు. నాకు తెలుగు, సంస్కృతం, హెడ్మాస్టరుకు సెలవుచీటీ రాసేంత ఇంగ్లీషు. దారిలో సూర్యాస్తమయ వేళ ఒక పెట్రోలు బంకు పక్కనున్న మసీదు వద్ద ఆగాము. నా తెల్లగడ్డం చూసి అతడు నన్ను ముందు నిలబెట్టి తాను వెనక నిలిచాడు. బందరులో మన హజరత్ బెత్తం పట్టుకుని నేర్పిన ఖురాను పఠనం నీకు తెలుసు కదా. ఎక్కడ దీర్ఘం, ఎక్కడ విరామం, ఏ అక్షరం గొంతులోంచి రావాలో ఒక్కటీ తప్పలేదు. నమాజు ముగించి వెనుదిరిగి చూస్తే ఇద్రీస్ కళ్లనిండా నీళ్లు! నా భుజాన్ని ముద్దుపెట్టుకుని, ధారాళంగా అరబీలో ఏదో అడిగాడు.

"నాయనా, నాకు ఈ భాష అర్థం కాదు, చదవడమే వచ్చు" అని ఆ క్షణంలో చెప్పవలసింది. ముప్పై ఆరేళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. తాత్పర్యం తెలియకుండా పద్యం అప్పజెప్పిన ప్రతి పిల్లవాణ్ణీ బల్ల ఎక్కించినవాణ్ణి. ఆ బల్ల ఎక్కడానికి నాకు మనసొప్పలేదు. "నఅమ్" అన్నాను. అంటే అవునని.

అప్పటినుంచి నన్ను ముందు సీటులో కూర్చోనివ్వడు. గౌరవంగా వెనక కూర్చోబెట్టి, తలుపు తానే తీసి తానే వేస్తాడు. ఎదురైన ప్రతివారికీ "ఫకీహ్" అని పరిచయం చేస్తున్నాడు. ధర్మశాస్త్రం తెలిసిన పండితుడని ఆ మాటకు అర్థమట. రేపు ఉదయమే నిజం చెప్పేస్తాను.

నీ తమ్ముడు,
మాబు.


అవనిగడ్డ,
11 నవంబరు, సోమవారం.

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి పెద్దగా చదివి వినిపించా. ఆయన గుమ్మంలో కూర్చుని వలకి ముడులేసుకుంటా విన్నాడు. కాలవ లస్కరుగా చేసి రిటైరై పన్నెండేళ్లయినా పొద్దున్నే కాలవ నీళ్లు చూడందే ఆయనకి టీ దిగదని నీకు తెలుసుగా. విన్నంతా విని ఏమన్నాడో తెలుసా? "అరబ్బులకే అరబ్బీ చెప్పొచ్చాడన్నమాట మా బావమరిది. ఇంక మనల్ని ఏం పలకరిస్తాడు?" అన్నాడు.

అక్కడితో ఊరుకున్నాడా? సెంటర్లో టీకొట్టు దగ్గర అందరికీ చెప్పాడు. మసీదు పెద్దలు సాయంత్రం ఇంటికొచ్చి, నువ్వు తిరిగొచ్చాక ఇక్కడి పిల్లలకి నెలకోసారి అరబ్బీ అర్థాలు చెప్పాలని అడిగారు. నేను సరేనన్నా. అంత పెద్దమనుషులు అడిగితే కాదంటామా?

నిజం చెప్పేస్తా అన్నావు గానీ ఏం నిజంరా? ఎప్పుడూ నిన్ను నువ్వు తక్కువ చేసుకునే మాటలే. వచ్చింది కాబట్టే అతను ఏడ్చాడు. రాకపోతే ఏడుస్తాడా?

వరి కోతకొచ్చింది. వాయుగుండం ఉందని టీవీలో చెప్తున్నారు. నువ్వు చెవులకి మఫ్లర్ కట్టుకో.

అక్క.


ఫెజ్,
13 నవంబరు, బుధవారం.

అక్కకు,

నీవు సరేనన్న మాట చదివాను. నా ఉత్తరంలోని ఆత్మనిందను నీవు వినయమనుకున్నావు. అక్కా, అది వినయం కాదు. నాకు అరబీ రాదు. ఒక్క వాక్యానికీ అర్థం తెలియదు. దయచేసి మసీదు పెద్దలకు చెప్పు.

ఇక్కడ నా బతుకు ఇది. ఉదయం తొమ్మిదింటికి కారు వస్తుంది. కోట ద్వారం దాకా కారు, అక్కడినుంచి నడక. పాతనగరం సందులలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అంటుకోవలసిందే. వెనకనుంచి బరువులు మోసే గాడిదలు వస్తుంటాయి. ఎటు తిరిగినా మరో సందు, దాని చివర మరో గోడ. ఇద్రీస్ చేయి వదిలితే ఈ జన్మలో బయటపడలేను, అందుకని వదలను. వదలని చేయికి అబద్ధం చెబుతున్నాను.

నిన్న తోళ్లకు రంగులద్దేచోట, మేడమీదనుంచి రాతి తొట్లను చూపించారు. వాసనకు ఆగలేరని వచ్చినవారందరికీ చేతిలో పుదీనా రెమ్మ పెడతారు. నాకు మన పెడనలో కలంకారీ అద్దకానికి కరక్కాయ నీళ్లలోనూ గేదెపాలలోనూ గుడ్డలు నానవేసే పాకలు గుర్తుకువచ్చి, రెమ్మ పారేసి గుండెనిండా పీల్చాను. ఈ వారంలో అబద్ధం లేకుండా నేను చేసిన పని అదొక్కటే.

మాటలు మార్చి చెప్పే సాధనం ఫోనులోనే ఉందని నీలోఫర్ నేర్పింది. కానీ దాన్ని జేబులోంచి తీసిన క్షణమే నా గుట్టు బయటపడుతుంది. అందుకని అది జేబులోనే ఉంది. రెండుసార్లు "ఇద్రీస్" అని మొదలుపెట్టాను. రెండుసార్లూ అతడు కారు ఆపి, వెనక్కు తిరిగి, ఉపదేశం వినబోయే శిష్యుడిలా గుండెమీద చేయి పెట్టుకున్నాడు. "నీళ్లు" అని సైగ చేసి ఊరుకున్నాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. కారులో కూర్చున్నంతసేపూ అతడు ఏదో ఒక్క కథే మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. ఈ ఉదయం నగరమంతా కనిపించే కొండమీద కారు ఆపి, పర్సులోంచి ఫోటో తీశాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి. అతని ముక్కు, అతని కనుబొమలు. ఫోటో చూపుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కూతురు పోయిందని అర్థమైంది. అలాంటివేళ మనవాళ్లు ఏమంటారో అదే అన్నాను. మరణవార్త విన్నప్పుడు పలికే వాక్యం పలికి, చేతులెత్తి ఆమెకోసం దువా చేశాను. అతడు నిశ్చేష్టుడై నన్ను చూశాడు. తరవాత ఏదో అడిగాడు. ఓదార్పుగా "నఅమ్" అన్నాను. మరోసారి అడిగాడు. మరోసారి "నఅమ్" అన్నాను. కన్నీళ్లు తుడుచుకుని, ఫోటోను బోర్లించి పర్సులో పెట్టుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనానికి పిలిచాడు. తప్పించుకునే మార్గం కనబడదు.

మాబు.


అవనిగడ్డ,
14 నవంబరు, గురువారం.

తమ్ముడూ,

రాత్రంతా ఆ బిడ్డే కళ్లల్లో మెదిలిందిరా. పెళ్లీడు కూతుర్ని మట్టిలో పెట్టిన తండ్రికి నీ అరబ్బీ ఎందుకు, మనిషి తోడు చాలు. చెయ్యి పట్టుకుని కూర్చో. నువ్వు చేసిన దువా మంచి పనే. అందులో తప్పేం లేదు, కుమిలిపోకు.

మీ బావ ఆదివారం దాకా ఆగలేక ఫాదరు గారికి చెప్పి, నిన్న కూటంలో ఆ తండ్రికి ఆదరణ దొరకాలని ప్రార్థన పెట్టించాడు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం అవనిగడ్డలో పాతికమంది మోకాళ్లూనారు. ఆ సంగతి అతనికి చెప్పు. ఆ పిల్ల పేరు కూడా కనుక్కో.

భోజనానికి ఉత్తచేతుల్తో వెళ్లకు. పెడన దుప్పటి ఒకటి పెట్టెలో అడుగున పెట్టానుగా, అది తల్లి చేతికి ఇవ్వు. కడుపుకోత ఉన్న ఇంట్లో నవ్వొచ్చే మాటలు చెప్పకు.

మసీదు వాళ్లకి ఇంకా చెప్పలేదు. శాలువా కూడా కొనేశారంట.

అక్క.


ఫెజ్,
15 నవంబరు, శుక్రవారం.

అక్కకు,

ఆ పిల్ల బతికే ఉంది.

ఇద్రీస్ ఇల్లు కొత్తనగరంలో, మూడో అంతస్తులో. శుక్రవారం కనుక సన్నరవ్వను ఆవిరిమీద ఉడికించి, ఏడు రకాల కూరముక్కలతో పెద్ద పళ్లెం పెట్టారు. అతని భార్య దుప్పటి కళ్లకద్దుకుంది. నీవు చెప్పినట్టే నేను నవ్వు మొహం పెట్టకుండా కూర్చున్నాను. మూడో ముద్ద నోట్లో ఉండగా తలుపు చప్పుడైంది.

ఇద్రీస్ తలుపు తీశాడు. గుమ్మంలో ఫోటోలోని అమ్మాయి. చంకలో ఆరేడు నెలల బిడ్డ. తల్లి "సల్మా!" అని లేచింది. ఆ పిల్ల తండ్రిని చూడలేదు, అక్కా. నన్ను చూసింది. లోపల పెద్దమనిషి ఎవరో ఉన్నారు, ఆయన ఎదుట కాదనరు అన్న ఆశ ఆ చూపులో ఉంది. ఇద్రీస్ కూడా నావైపే తిరిగాడు. నా నోటిలో ముద్ద ఉంది. బతికున్నదని సంతోషమో, బిత్తరపాటో తెలియదు, మింగలేక తల ఊపాను. అతడు ఏదో ఒక్కమాట అని తలుపు మూసేశాడు. మెట్లమీద బిడ్డ ఏడుపు మూడు అంతస్తులూ దిగి వెళ్లడం విన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు వెనక సీటులో ఫోను ఒళ్లో దాచుకుని, నీలోఫర్ చెప్పిన మీట నొక్కి ఉంచాను. బసకు వచ్చి తలుపేసుకుని చదివాను. ఫోను చేసిన తెలుగు చిలకపలుకులా ఉంది. అయినా చాలినంత తెలిసింది. తనకు చెప్పకుండా పెళ్లిచేసుకున్న కూతురు మళ్లీ తన గడప తొక్కరాదని రెండేళ్ల క్రితం దేవుని పేర ప్రమాణం చేశాడు. దానికి కట్టుబడే ఉండాలా అని అయిదారు రోజులుగా నన్ను అడుగుతున్నాడు. నేను అవునన్నాను. నీకు ఆమె చనిపోయినట్టేనని మరణవాక్యంతో సహా తీర్పు చెప్పాను. కడపట అతడన్న మాట ఫోను ఇలా రాసింది: "ఫకీహ్, మీరు చెప్పినట్టు చేశాను. ప్రమాణం నిలిచింది. నా గుండె ఎందుకు నిలవడం లేదు?"

నిద్ర పట్టక పద్యం రాసుకున్నాను:

నోటి నిండ మాట నూరేండ్లు మోసినా
భావ మెరుగకున్న బరువె గాక!
పరుల త్రోవ జూప పండితుండెట్లగు
దారి దప్పువాడు తానె యైన?

ఎల్లుండి అతడే నన్ను టాంజియరులో దింపుతాడు. నోరు మూసుకుని ఆ కారెక్కి, దిగి, అతణ్ణి మళ్లీ చూడకుండా ఉంటే చాలుననిపిస్తున్నది. వయసు మళ్లినవాణ్ణి, నిజం చెబితే అతడు నన్ను ఏమంటాడో వినే శక్తి లేదు.

మాబు.


అవనిగడ్డ,
16 నవంబరు, శనివారం.

మాబూ,

నీ పద్యం బానే ఉంది. అది వినిపిస్తే ఆ తలుపు తెరుచుకుంటుందా?

ఈ ఉత్తరం మీ బావకి చదవలేదు. నలభై ఎనిమిదేళ్లలో నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్తున్నా. నేను మత్తయిని చేసుకుని, రెండో రోజు నాన్న కాళ్లమీద పడదామని బందరు వచ్చా కదా. నేను ఆయన గడప, ఆయన నా గడప తొక్కేది లేదని నాన్న ఒట్టేసి, "గడియ వెయ్యరా" అన్నాడు. వేసింది నువ్వు. పందొమ్మిదేళ్ల వాడివి. తలుపు సందులోంచి నీ వేళ్లు కనపడ్డాయి. వణుకుతున్నాయి. వణుకుతానే వేశావు. నీ మీద కోపం లేదు. ఉంటే ఇన్నేళ్లూ నీకు ఆవకాయ పంపేదాన్నా? కానీ మళ్లీ అలాంటి గడియే వేసి, మెల్లగా తప్పుకుంటానంటే మాత్రం ఊరుకోను.

ఉప్పెన తర్వాత నాన్న నన్ను వెతుక్కుంటా వచ్చాడని నీకు తెలుసు. మనసు కరిగి వచ్చాడనుకున్నావు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, మిగతాది నీకు తెలీదు. మోకాటి లోతు బురదలో నడిచొచ్చి, నేను బతికున్నానని చూసి కూడా గడప బయటే నిలబడ్డాడు. "ఒట్టుందమ్మా, ఆగు" అన్నాడు. సాయం శిబిరానికి వెళ్లి, తను మోసుకొచ్చిన బియ్యం వండించి పదిమందికి కడుపునిండా పెట్టాడు. అప్పుడు లోపలికొచ్చాడు. తప్పు ఒట్టు పెట్టుకుంటే పదిమంది పేదలకి అన్నం పెట్టి విడిపించుకోవాలంట, అది మన దీన్‌లోనే, మన మతంలోనే ఉందంట. నాకు అరబ్బీ ముక్క రాదు. ఆ పదిమంది తిన్నది మాత్రం కళ్లారా చూశా.

వెళ్లి ఆ మనిషికి చెప్పు. అన్నం సంగతి తర్వాత. ముందు నీకు రాదని చెప్పు. అది చెప్పకుండా ఇది చెప్తే మళ్లీ పండితుడివే అవుతావు.

మసీదు వాళ్లకి నేను చెప్పా. శాలువా ఇంకెవరికో కప్పుతారంట.

అక్క.


టాంజియర్,
18 నవంబరు, సోమవారం.

అక్కకు,

ఆ వేళ్లు నావేనని నాకు తెలుసు. నీకు కనబడలేదనుకుని ఇన్నేళ్లూ బతికాను. ఆ మాటకు జవాబు కాగితంమీద రాయలేను. అవనిగడ్డ వచ్చి నీ గుమ్మంలో చెబుతాను.

శనివారం రాత్రి నీలోఫర్‌ను ఫోనులో అడిగాను. ప్రమాణం, పదిమంది భోజనం గల ఖురాను వాక్యాన్ని వెతికి తెలుగులో చదివింది. అరబీలో మొదటి మాట వినగానే మిగిలినదంతా నా నోటినుంచి తానే వచ్చేసింది. యాభై అయిదేళ్లుగా అది నాకు కంఠతా ఉంది.

నిన్న ఉదయం ఇద్రీస్ పెట్టె అందుకోబోతుంటే అతని చేయి పట్టుకుని, ఫోను మా ఇద్దరి మధ్య పెట్టి, తెలుగులో చెప్పాను. "ఇద్రీస్ గారూ, నాకు అరబీ రాదు. చదవడం వచ్చు, అర్థం రాదు. మీరు అడిగింది ఒక్కటీ నాకు తెలియలేదు. మీ కూతురు చనిపోయిందనుకున్నాను. నా అవును అవును కాదు. నేను ఫకీహ్‌ను కాను, పిల్లలకు పద్యాలు చెప్పిన పంతులును." తరవాత మన నాన్న కథ చెప్పాను. ఫోను దాన్ని ఆడగొంతుతో, ఏ సిగ్గూ లేకుండా అరబీలో అప్పజెప్పింది. అతడు ఫోను చేతిలోకి తీసుకుని మరోసారి వినిపించుకున్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పెట్టె డిక్కీలో వేసి, వెనక తలుపు తీశాడు. గుండెమీద చేయి పెట్టుకోలేదు.

గంటసేపు కారు నడిపాడు. కారు అద్దాలు మూసి ఉన్నాయి. ఎదుటి చిన్న అద్దంలో అతని కళ్లు ఒక్కసారి కూడా నావైపు రాలేదు. మెక్నెస్ అనే ఊరు వచ్చేసరికి పెద్దరోడ్డు వదిలి సంతలోకి తిప్పాడు. రొట్టెలు, గిన్నెలలో చిక్కటి పులుసు కొని, పనికోసం గోడవార కూర్చున్న కూలీలకు ఒక్కొక్కరికే ఇచ్చుకుంటూ వెళ్లాడు. నేను అద్దంలోంచి లెక్కపెట్టాను. తొమ్మిదిమంది. పదోవాడు దొరకలేదు. గిన్నె చేతబట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఆఖరికి కారు దగ్గరికి వచ్చి, తలుపు తీసి, ఆ గిన్నె నా ఒళ్లో పెట్టాడు.

అవమానమో, ఆదరమో అతని మొహంలో తెలియలేదు. పదో పేద నేనేనన్నది మాత్రం నిజం. చివరి చుక్కదాకా తాగాను.

తరవాత ఒక సన్నని వీధి మొదట కారు ఆపి, దిగి, తాళం వేసుకుని వెళ్లాడు. వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. పిల్లలు దూకకుండా చేసిన ఏర్పాటట. ఇరవై అడుగుల దూరంలో నీలిరంగు తలుపు. దాని ముందు ఇద్రీస్. చేయి ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు. గోడకు ఆనుకున్నాడు. నలభై నిమిషాలు, అక్కా! కొట్టలేదు. చివరికి వెనుదిరిగి కారువైపు నడవసాగాడు.

నేను అరిస్తే వినబడదు. వినబడినా ఏ భాషలో అరవను? నా గొడుగు తీసి, ముందు సీట్ల సందులోంచి చాచి, దాని మొనతో హారను నొక్కాను. నొక్కి పట్టుకున్నాను. ఆ ఇరుకు వీధిలో అది ఏనుగు ఘీంకారంలా మోగింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. తలమీద తువ్వాలున్న ఆవిడొకతె, సబ్బునురగ మొహంతో ఒకడు, ఎవరెవరో బయటికి వచ్చి నన్ను తిట్టారు. నీలిరంగు తలుపు కూడా తెరుచుకుంది.

సల్మా గుమ్మంలో నిలబడింది. ఇద్రీస్ దారి మధ్యలో నిలబడ్డాడు. ఎవరూ ఎవరిమీదా పడి ఏడవలేదు. అతడేదో చెప్పాడు, కొంచెమే. ఆమె చాలా చెప్పింది, వేలు చూపిస్తూ గట్టిగా చెప్పింది. అతడు తల దించుకుని అంతా విన్నాడు. ఆమె లోపలికి వెళ్లింది. ఇక అయిపోయిందనుకున్నాను. బిడ్డను తెచ్చి అతని చేతుల్లో పెట్టి, మళ్లీ లోపలికి వెళ్లింది. బిడ్డ అతని ముక్కు పట్టుకుంది. అలాగే పట్టుకోనిచ్చి, అతడు కూడా గడప దాటాడు.

ఆమె ఏమన్నదో, అతడు ఏమని బదులిచ్చాడో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించవలసిన పని కూడా లేకపోయింది.

నీలిరంగు తలుపు వెనకాల మూసుకుంది. నేను మాత్రం తాళం వేసిన కారులో గంటన్నర ఉన్నాను. గాలి లేదు, నీళ్లు లేవు, మోకాళ్లు పట్టేశాయి. అవసరానికి వెళ్లే దారి కూడా లేదు. వాళ్లు నన్ను పూర్తిగా మరచిపోయారు. అక్కా, నన్ను ఎవరైనా మరచిపోయినందుకు నేనింత సంతోషించింది ఈ అరవై ఏడేళ్లలో ఇదే మొదలు.

మాబు.